పరామర్శల జాబితా

మెంబరు గారి దగ్గర ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "ఉత్తరాలు రాస్తుంటానండీ" అనేవాడు గుమాస్తా. అబద్ధం కాదు. కానీ అందులో నిజం పావు వంతే. మిగతా ముప్పావు వంతూ చావులు.

పొద్దున్న ఆరుంబావుకల్లా ఆఫీసు తలుపు తీసి, టేబులు తుడిచి, గీతల నోటుపుస్తకం విప్పుకుని ఫోను దగ్గర కూర్చునేవాడు. నియోజకవర్గంలో నూట పన్నెండు ఊళ్లు. ఊరికో మనిషిని పెట్టుకున్నాడు. ఒకచోట పోస్టుమాను, ఒకచోట సెలూను నడిపే ఆయన, ఇంకోచోట టీకొట్టు ఆవిడ. "ఎవరైనా పోయారా?" అని నోరు తెరిచి ఏనాడూ అడగలేదు. "ఏమిటి విశేషాలు?" అనేవాడు. ఈ మహానుభావుడికి పెళ్లిళ్లూ పురుళ్లూ విశేషాల కింద లెక్క కాదని అవతలివాళ్లకి తెలుసు. పోయినవాళ్ల పేరు, వయసు, ఏ జబ్బు, బతికుండగా దేనికి పేరుపడ్డారు, ఇంట్లో ఎక్కువగా ఏడుస్తున్నది ఎవరు, ఈ అయిదూ చెప్పేవాళ్లు. నోటుపుస్తకంలో అయిదు గడులు. ఇంట్లో ఓట్లెన్ని అన్నది ఆరో గడి కావాలి. అది మాత్రం కాగితం మీద పెట్టేవాడు కాదు. బుర్రలో ఉంచుకునేవాడు.

ఏడింటికి మెంబరు గారు టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చుంటే జాబితా చదివేవాడు. ఎనిమిదింటికి కారు బయల్దేరేది. చావింటి గుమ్మం దగ్గర మెంబరు గారు చెప్పులు విప్పుతూ ఒక్క క్షణం ఎడమ చెవి వంచేవారు. గుమాస్తా ఆ చెవిలో అయిదు గడులూ ఊదేవాడు. లోపలికి వెళ్లి, ఎక్కువ ఏడుస్తున్న మనిషి పక్కనే కింద చతికిలబడి, చెయ్యి పట్టుకుని మెంబరు గారు ఏడ్చేవారు. దొంగ ఏడుపనుకునేరు, కాదు. ఆయన కళ్లలో నీళ్లు నిజంగానే అంత దగ్గరగా ఉండేవి. ప్రతిపక్షం వాళ్లు "కన్నీళ్ల మెంబరు" అని పేరు పెట్టి నవ్వుకున్నారు. జనం మాత్రం ఆ పేరునే నెత్తిన పెట్టుకున్నారు. ఎవరికి పుట్టిన ఆలోచనో గానీ ఎన్నికల గోడరాతల్లోకి కూడా ఎక్కింది.

మొదట్లో ఆయన ఇలాంటి మనిషి కాదు. ఇది గుమాస్తాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మొదటి ఎన్నికకి ఆయన సైకిలు మీద తిరిగిన బడిపంతులు. అప్పటికి గుమాస్తాకి ఇరవై నాలుగేళ్లు, కోర్టు ఎదుట చెట్టు నీడలో టైపుమిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాడు. ఒకరోజు పంతులు గారు ఏటి గట్టున నిలబడి ఉపన్యాసం ఇస్తుంటే విన్నాడు. "వానాకాలం మూడు నెలలూ అవతలి ఊరు మన దేశంలో ఉన్నట్టా లేనట్టా? బడికి పోయే పిల్లలు పడవెక్కాలి, పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషి పడవెక్కాలి. నేను గెలిస్తే చేసే మొదటి పని ఈ ఏటి మీద వంతెన" అన్నాడాయన. గుమాస్తా మర్నాడే టైపుమిషను సంకన పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు, జీతం సంగతి కూడా అడక్కుండా.

ఎందుకంటే ఆ ఏటి అవతల అతని అక్క ఉంది. అమ్మ పోయేనాటికి ఇతనికి నాలుగేళ్లు, అక్కకి పదకొండు. అప్పటినుంచీ తల దువ్వడం, ముక్కు తుడవడం, వీపు మీద రెండంటించి బడికి పంపడం, అన్నీ అక్కే. పద్దెనిమిదేళ్లకి ఆమెకి ఏటి అవతలి ఊరి సంబంధం కుదిరితే "నా తమ్ముడు నాతోనే వస్తాడు, ఇష్టమైతే చేసుకోండి" అని పెళ్లికొడుకు మొహం మీదే చెప్పింది. బావ మంచివాడు. నవ్వి ఒప్పుకున్నాడు. అలా పదకొండో ఏట అవతలికి వెళ్లి, బడి ఇవతల ఉండటంతో రోజూ పడవ మీద దాటాడు. ఒకసారి పడవ తిరగబడి పలకా పుస్తకాలూ కొట్టుకుపోతే, అక్క గట్టున నిలబడి ఏటిని పట్టుకుని నానా తిట్లూ తిట్టింది. వంతెన అంటే అతనికి రాజకీయం కాదు. అక్క ఇంటికి దారి.

గెలిచిన కొత్తలో మెంబరు గారు మాట మీదే నిలబడ్డారు. శాసనసభలో లేచి గొంతు చించుకున్నారు. కూర్చోమన్నారు. ఇంజనీరు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. ఇంజనీర్లు వచ్చి ఏటి గట్టున తెల్లసున్నం రాళ్లు పాతి, టీలు తాగి వెళ్లారు. రెండేళ్లకి మళ్లీ వచ్చి, ఆ రాళ్లు పాతింది ఎవరని ఆయన్నే అడిగారు. సొంత పార్టీ పెద్దాయన గదిలోకి పిలిచి తలుపేసి, "వంతెనలు మేం చూసుకుంటాం గానీ నువ్వు ఊళ్లు చూసుకో" అన్నాడు. సరేనని ఊళ్లు చూసుకోబోతే అదింకో తలనొప్పి. ఒక ఊరికి రోడ్డు వేయిస్తే స్థలం పోయినవాళ్లు ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఒక ఊరికి నీళ్ల ట్యాంకు కట్టిస్తే పక్క ఊరివాళ్లు ఆయన్ని చూడగానే మొహం తిప్పుకున్నారు. ఆ రోజుల్లోనే ఎవరో ముసలి తాతగారు పోతే దారిలో ఉందికదా అని దిగి, రెండు నిమిషాలు కూర్చుని వచ్చారు. ఆ రెండు నిమిషాలకి ఆ ఊరు ఊరంతా కారు దాకా వచ్చి చేతులు జోడించింది.

"చూశావటయ్యా? పని చేస్తే సగం మందికి కోపం. చావుకొస్తే ఒక్కడికీ కోపం రాదు" అన్నారాయన, కారులో. అప్పుడు ఆయన గొంతులో ఆశ్చర్యం ఉంది. తర్వాత తర్వాత ఆశ్చర్యం పోయింది, మాట మిగిలింది.

మూడో ఎన్నికలో ఓడిపోయారు, అరవై ఒక్క ఓట్లతో. ఎందుకు ఓడిపోయారో పత్రికలు రకరకాలుగా రాశాయి గానీ కారణం మెంబరు గారికీ గుమాస్తాకీ ఇద్దరికే తెలుసు. ఓ తాపీమేస్త్రీ పోతే గుమాస్తా జ్వరంతో పడుకుని ఆ ఒక్కరోజూ ఫోను ఎత్తలేదు. మేస్త్రీ బంధుబలగం డెబ్బై ఓట్లకి పైమాటే. "మా ఇంటికి మాత్రం రాలేదు" అని వాళ్లంతా కట్టగట్టుకుని అటు వేశారు. మెంబరు గారు తిట్టలేదు. మూడు నెలలు మాట్లాడలేదు. ఆ మూడు నెలల మౌనం గుమాస్తా ఎముకల్లోకి దిగిపోయింది. ఆ తర్వాత పదిహేనేళ్లలో జాబితాలో ఒక్క చావు తప్పిపోలేదు. పదవి లేని అయిదేళ్లలో కూడా అద్దె కారులో తిరిగి ఒక్క గుమ్మం వదల్లేదు. తర్వాత వరసగా రెండుసార్లు గెలిచారు.

వంతెన సంగతి మెంబరు గారు మర్చిపోయినా గుమాస్తా మర్చిపోలేదు. సభ సమావేశమైనప్పుడల్లా తన చేత్తో ప్రశ్న రాసి, సంతకం పెట్టాల్సిన కాగితాల దొంతరలో మూడో కాగితంగా దూర్చేవాడు. మెంబరు గారు చదవకుండానే సంతకం పెట్టేవారు. ఆ సభలో పద్ధతి ఏమిటంటే, వచ్చిన ప్రశ్నలన్నీ డబ్బాలో వేసి చీటీలు తీస్తారు. మొదటి పదీ సభలో అడుగుతారు, మంత్రి లేచి జవాబు చెప్పాలి. మిగతావాటికి అచ్చేసిన జవాబు ఇంటికొస్తుంది. ప్రశ్న పిలిచేసరికి వేసినాయన తన కుర్చీలో లేకపోతే అది మురిగిపోయినట్టే, ఇంకెవరూ అడగడానికి వీల్లేదు. ముప్పై తొమ్మిది సార్లు వేస్తే ముప్పై తొమ్మిది సార్లూ అచ్చు జవాబే వచ్చింది. "పరిశీలనలో ఉంది." అన్నీ ఒక బొత్తిగా కుట్టి బీరువాలో పెట్టాడు.

అవతలి ఊళ్లో అక్కకి ఎగతాళి తప్పేది కాదు. వానాకాలం తడిసి ముద్దై ఇంటికొచ్చిన ప్రతివాడూ ఆమె గుమ్మం ముందు ఆగి, "మీ తమ్ముడి వంతెన మీంచే వచ్చామమ్మా, భలే ఉంది" అని బట్టలు పిండుకునేవాడు. "నవ్వండి నవ్వండి, అది కట్టాక ఒక్కొక్కణ్ణీ కాళ్లు కడుక్కుని ఎక్కమంటాను" అనేది అక్క. ఆమె నమ్మకం అలాంటిది. తమ్ముడు మెంబరు గారి కుడిభుజమని, ఇవాళ కాకపోతే రేపైనా సాధిస్తాడని ఆమె ఊరంతా చెప్పేది. ఆమెకి గుండె జబ్బు బయటపడ్డాక, నెలకోసారి ఇవతలి ఆసుపత్రికి పడవ మీద రావాల్సి వచ్చాక, గుమాస్తా ఆ ప్రశ్న రాసే చేతిరాత మారింది. అక్షరాలు పెద్దవయ్యాయి.

నలభయ్యోసారి చీటీ తగిలింది. మూడో ప్రశ్న. గురువారం.

బుధవారం మధ్యాహ్నం సభ వరండాలో మంత్రిగారు ఎదురుపడి మెంబరు గారి భుజం మీద చెయ్యి వేశాడు. గుమాస్తా ఫైళ్లు పట్టుకుని వెనకే ఉన్నాడు.

"రేపు మీదే మూడోది. లేచి గట్టిగా అడగండి. మంజూరు చేస్తున్నానని సభలోనే అనేస్తాను. సభలో అన్నాక ఎవడూ వెనక్కి లాగలేడు. మీరు అడక్కపోతే మాత్రం నేను నోరెత్తను సుమా. పదిమంది పీక్కుతింటున్నారు, ఉన్నది ఒక్కటే" అన్నాడు మంత్రి.

"పాతికేళ్ల మాటండీ ఇది" అన్నారు మెంబరు గారు. గుమాస్తా చాలా ఏళ్ల తర్వాత ఆయనలో ఆ సైకిలు పంతుల్ని చూశాడు.

ఆ సాయంత్రం అవతలి ఊరి పోస్టాఫీసుకి ఫోను చేసి అక్కని పిలిపించాడు. "రేపు మధ్యాహ్నం రేడియో వార్తలు విను అక్కా. ఇప్పుడేం చెప్పను" అన్నాడు.

"వంతెనేనా? ఒరేయ్, చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? నీ గొంతే చెబుతోందిరా" అంది ఆమె. ఫోను పెట్టకుండానే అక్కడున్నవాళ్లకి చెప్పేస్తుంటే వినిపించింది.

గురువారం పొద్దున్న ఆరూ నలభైకి సభ్యుల వసతి గృహంలో కిటికీ పక్కనున్న ఫోను మోగింది. నియోజకవర్గం ఆ చివరి ఊరి సెలూను ఆయన. బియ్యం మిల్లు యజమాని తల్లి తెల్లవారుజామున పోయింది. తొంభై దాటిన మనిషి. మధ్యాహ్నం ఒంటిగంటకి తీసుకెళతారు. ఎక్కువ ఏడుస్తున్నది చిన్న మనవరాలు. మిల్లు యజమాని చేతిలో మూడు ఊళ్లున్నాయి, ఎన్నికలు నాలుగు నెలల్లో ఉన్నాయి. కారులో అక్కడికి నాలుగు గంటల పైనే.

గుమాస్తా అయిదు గడులూ నింపాడు. నింపాక పెన్ను కింద పెట్టి ఆలోచించాడు. సభ పదింటికి. మూడో ప్రశ్న పదిన్నరలోపు అయిపోతుంది. అప్పుడు చెబితే సరి. సాయంత్రానికి వెళ్లి కూర్చోవచ్చు, కబురు ఆలస్యంగా అందిందని చెప్పుకోవచ్చు. నాలుగు గంటల పాటు నోరు మూసుకుంటే చాలు. ఇంతకన్నా తేలికైన పని తన జన్మలో ఎవరూ అతనికి చెప్పలేదు.

ఏడింటికి మెంబరు గారు టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నారు. ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో ప్రశ్న కాగితం పెట్టుకుని ఉన్నారు. గుమాస్తా జాబితా చదివాడు. ఆ రోజు అయిదు. నాలుగు చదివి పుస్తకం మూశాడు.

"అంతేనా?" అన్నారు మెంబరు గారు, రోజూ అన్నట్టే.

"ఇంకొకటుంది సార్" అంది గుమాస్తా నోరు.

ఆ మాట ఎందుకన్నాడో తర్వాత జీవితమంతా అతను తనని తాను అడుగుతూనే ఉన్నాడు. భయమా అంటే కాదు, ఆయన ఏమీ కనిపెట్టలేదు. విశ్వాసమా అంటే అదీ కాదు. జాబితా పూర్తిగా చదవడం పదిహేనేళ్లుగా అతని నాలుకకి అలవాటు. అసంపూర్తిగా మూసిన పుస్తకం చేతిలో కాలుతున్నట్టు అనిపించింది, అంతే. తన పనిలో ఒక్క తప్పు లేదన్న గర్వం ఒక్కటే అతనికున్న ఆస్తి, ఆ ఆస్తే అతని కొంప ముంచింది.

మెంబరు గారు గ్లాసు కింద పెట్టి లేచారు. "డ్రైవర్ని పిలు."

"సార్, ప్రశ్న..." అన్నాడు గుమాస్తా. "పది నలభైకల్లా బయల్దేరిపోవచ్చు సార్. మంత్రిగారు అంత చెప్పారు. లేదంటే రేపు పొద్దున్నే వెళ్లి కూర్చుందాం. నేను వెళ్లి ముందు వాళ్లతో మాట్లాడతాను."

"శవం లేచాక వెళ్తే పలకరింపు, శవం ఉండగా వెళ్తే బంధుత్వం. ఇది నీకు నేర్పింది నేనే కదటయ్యా."

"పాతికేళ్లుగా వేస్తున్నాం సార్."

"మళ్లీ వేద్దాం. ప్రశ్నకేం, ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. ముసలావిడ మళ్లీ చావదు కదా."

ఆ మాట అని ఆయనే చిన్నగా నవ్వారు. తర్వాత గుమాస్తా మొహం చూసి నవ్వు ఆపేసి, జేబులోంచి ప్రశ్న కాగితం తీసి జాగ్రత్తగా మడిచి అతని చేతిలో పెట్టారు. ఆయన దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. గెలవని మెంబరు ఏ వంతెనా కట్టించలేడని ఆయన నమ్మకం. పాతికేళ్ల పాటు గెలవడానికే సరిపోయి, కట్టించడానికి వ్యవధి దొరకలేదు.

ఒంటిగంటకి మెంబరు గారు మిల్లు యజమాని తల్లి శవానికి భుజం పట్టారు. అంతకుముందే గుమ్మం దగ్గర ఎడమ చెవి వంచితే గుమాస్తా అయిదు గడులూ ఊదాడు. చిన్న మనవరాలి పక్కన కూర్చుని ఆయన ఏడ్చిన ఏడుపుకి మిల్లు యజమాని అంతటివాడు కరిగిపోయి కౌగలించుకున్నాడు. అదే సమయానికి ఏటి అవతల పోస్టాఫీసు అరుగు మీద అక్క, ఆమె చుట్టూ ముప్పై నలభై మంది, రేడియో చుట్టూ చేరి చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. వార్తల్లో వంతెన మాట వచ్చింది కూడా. నాలుగో ప్రశ్న వేసిన పక్క నియోజకవర్గం మెంబరు కుర్చీలోనే ఉన్నాడు. ఆ ఒక్క వంతెనా అతనికి మంజూరైంది. జనం చప్పట్లు కొట్టబోయి, పేరు విని ఆగిపోయారట.

అక్క మర్నాడు పోస్టాఫీసు నుంచి ఫోను చేసింది. "మనవాళ్లు అడిగారట్రా?" అంది.

"అడిగారక్కా. గట్టిగానే అడిగారు. పరిశీలనలో ఉందన్నారు" అన్నాడు గుమాస్తా.

"సరేలే. అడిగారు కదా. మనిషి అడగడం వరకే" అంది అక్క. నెల తిరక్కుండా సభ కార్యక్రమాల పుస్తకం అచ్చై వచ్చింది. మూడో ప్రశ్న ఎదురుగా రెండే ముక్కలున్నాయి, "సభ్యులు లేరు" అని. పుస్తకాలన్నీ వరసగా సర్దడం అతని పనే కాబట్టి దాన్నీ వరసలోనే సర్దాడు.

ఎన్నికల్లో మెంబరు గారు గెలిచారు. మిల్లు యజమాని మూడు ఊళ్లూ ఆయనకే పడ్డాయి. మంత్రి మారాడు. కొత్త మంత్రి దగ్గరికి వెళ్తే "ఏ ఏరు?" అన్నాడు. పక్క నియోజకవర్గంలో ఏడాదిన్నరకి వంతెన లేచింది. ఓ పరామర్శకి వెళ్తూ కారు దాని మీదుగానే పోయింది. చక్కటి వంతెన, రెండు పక్కలా ఇనప కమ్మీలు, మనుషులు నడవడానికి వేరే దారి. మెంబరు గారు కునుకు తీస్తున్నారు. గుమాస్తా అటు చివర నుంచి ఇటు చివర దాకా స్తంభాలు లెక్కపెట్టాడు. పదకొండు.

ఆ ఎన్నికల తర్వాత మూడో వానాకాలం, ఒక పొద్దున్న ఆరున్నరకి అవతలి ఊరి పోస్టుమాను ఫోను చేశాడు. గుమాస్తా అలవాటు కొద్దీ పేజీ మీద ఊరి పేరు రాసుకుని, "ఏమిటి విశేషాలు?" అన్నాడు.

"ఆ పుస్తకం పక్కన పెట్టండి బాబూ" అన్నాడు అవతలి మనిషి.

ముందురోజు మధ్యాహ్నం అక్కకి గుండెల్లో నొప్పి వచ్చింది. మంచం మీద పడుకోబెట్టి నలుగురు గట్టు దాకా మోసుకొచ్చారు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. పడవ మనిషి రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ పడవ తిరిగిపోతే, చేతులు జోడించి గట్టునే కూర్చుండిపోయాడు. నీళ్లు తగ్గుతాయేమోనని చూశారు. మూడు గంటలు చూశారు. ఆమెకి స్పృహ ఉన్నంతసేపూ "నా తమ్ముడికి చెప్పకండర్రా, కంగారు పడతాడు" అంటూనే ఉందట. ఫోను తీగలు గాలికి తెగి మర్నాడు తెల్లవారుజాముకి గానీ అతకకపోవడంతో, చెబుదామన్నా ఆ రోజు వీలయ్యేది కాదు.

నీళ్లు తగ్గాక గుమాస్తా మొదటి పడవలో అవతలికి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఇంకొకరు నడిపిన పడవలో మెంబరు గారూ వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో దిగబడుతూ వచ్చారు. వరద పూర్తిగా తియ్యకముందే మెంబరన్నవాడు ఏరు దాటి ఆ ఊరికి రావడం అదే మొదలు. ఊరంతా గట్టుకి ఎదురెళ్లింది. గుమ్మం దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి ఎడమ చెవి వంచారు. ఆ పక్కన ఎవరూ లేరు. గుమాస్తా లోపల గోడకి ఆనుకుని, బావ పక్కన కూర్చుని ఉన్నాడు. మెంబరు గారు ఇటూ అటూ చూసి, లోపలికి అడుగుపెట్టి, అందరికన్నా ఎక్కువగా కుమిలిపోతున్న మనిషి ముందు కూలబడి చెయ్యి పట్టుకున్నారు. "నలభై ఏళ్ల కాపురం, ఎలా ఓర్చుకుంటారండీ" అన్నారు. అతను పడవ మనిషి. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

గుమాస్తా లేచాడు. లేవాలని అనుకోలేదు, కాళ్లు వాటంతటవే లేచాయి. వెళ్లి మెంబరు గారి ఎడమ పక్కన వంగి, "ఆయన పడవ నడుపుతాడు సార్. భర్త అటు, గోడ దగ్గర. ఆవిడకి యాభై తొమ్మిదేళ్లు. గుండె నొప్పి. చేతిలో ఉన్నది పదిమందికి పెట్టే మనిషని పేరు" అని వరసగా చెప్పాడు. అయిదో గడి దగ్గర ఆగి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అప్పటిదాకా అతని కంటి నుంచి చుక్క రాలలేదు. మెంబరు గారు తల ఊపి, లేచి వెళ్లి బావని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. శవానికి భుజం పట్టి చివరిదాకా నడిచారు.

రెండేళ్లకి మళ్లీ ఎన్నికలొచ్చాయి. మెంబరు గారు ఆరోసారి గెలిచారు. లెక్కింపు కాగితాలు గుమాస్తాయే సర్దాడు. ఏటి అవతలి ఊళ్లో పడ్డ ఓట్లు నాలుగు వందల పద్దెనిమిది. మెంబరు గారికి నాలుగు వందల పద్దెనిమిది. అంతకుముందు ఏ ఎన్నికలోనూ ఆ ఊళ్లో సగానికి మించి వచ్చింది లేదు.

మర్నాడు మధ్యాహ్నం బావ ఆఫీసుకి వచ్చాడు. అక్క పోయాక మనిషి సగమయ్యాడు. కుర్చీ చూపిస్తే బల్ల మీద కూర్చున్నాడు.

"చూశావటోయ్, ఒక్క ఓటు కూడా అటు పోనివ్వలేదు. నేనే ఇల్లిల్లూ తిరిగాను. ఆ బురదలో, ఆ నీళ్లలో, మీ అక్క కోసం వచ్చిన మనిషి. అది మర్చిపోతే మనం మనుషులమా?" అన్నాడు.

గుమాస్తా టీ తెప్పించాడు. బావ గ్లాసు ఊదుకుంటూ, "మీ అక్క అంటూ ఉండేది, వంతెన గురించి ఆయన సభలో గట్టిగా అడిగారని. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు" అన్నాడు.

గుమాస్తా లేచి ఆఫీసు తలుపు దగ్గరకి వేశాడు. వచ్చి బావ ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. మంత్రి అన్న మాట, మిల్లు యజమాని తల్లి, తాను నాలుగు చదివి పుస్తకం మూసిన సంగతి, మూసి మళ్లీ తెరిచిన సంగతి. "ఆయన అడగలేదు బావా. అక్కకి నేను అబద్ధం చెప్పాను. నేను నోరు మూసుకుని ఉంటే ఆ ఏడే పని మొదలయ్యేది. ఆ వానాకాలానికి వంతెన ఉండేది. అక్క ఉండేది. నీ భార్యని చంపింది నేను" అన్నాడు. అని, తల వంచుకుని, దెబ్బ కోసం ఎదురుచూశాడు.

బావ గ్లాసు ఊదడం ఆపాడు.

"అయితే ఆ రోజు ఆయన ఆ ముసలావిడ దగ్గరికి కూడా వెళ్లాడన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "అంత దూరం."

"బావా, నేను చెప్పేది..."

"విన్నానోయ్. నేనేం చెవిటివాణ్ణి కాదు." బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "వంతెన కడతారన్నారు, కట్టలేదు. మా నాన్న చిన్నప్పుడూ అన్నారట, కట్టలేదు. నువ్వు నోరు మూసుకుని ఉంటే కట్టేవారంటావు. ఏమో. ఎవడు చూశాడు? ఆయన రావడం మాత్రం నేను చూశాను. నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఆ రోజు నా కన్నకొడుకులు కూడా నన్నలా పట్టుకోలేదు." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇంకెవరితోనూ ఇది అనకు. ఊళ్లోవాళ్లు వింటే ఆయన్ని తప్పుగా అనుకుంటారు."

లేచి కండువా దులుపుకుని, తలుపు తీసి, ఆకాశం వంక చూశాడు. పైన ఎక్కడో వాన పడుతోందని, ఏరు పెరిగేలోగా పడవ అందుకోవాలని అన్నాడు. గుమాస్తా అరుగు దాకా వెంట వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా అర్జీ పట్టుకొచ్చినవాడినల్లా మాట చెప్పి పంపించిన మనిషి, ఆ రోజు తానొక అర్జీ పెట్టుకున్నాడు. ఒక్క తిట్టు అడిగాడు. అదీ మంజూరు కాలేదు.

"ఆయనకి నా నమస్కారం చెప్పు" అని, బావ ఏటివైపు నడిచి వెళ్లిపోయాడు.